బిళ్ళను కోయవచ్చును, మోతాదును కోయరాదు

మా తండ్రిగారు ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు. రక్తపోటునకు దినమున కొక బిళ్ళ పుచ్చుకొనవలెను. ఒకనాడు వారు కూరగాయల కత్తితో బిళ్ళను కోసి, సగము నోట వేసికొని, మిగిలిన సగమును కాగితములో మడచి పెట్టుట చూచితిమి. అడుగగా, "నెల బిళ్ళలు రెండు నెలలు వస్తున్నాయి నాయనా" అనిరి. వైద్యునికి చెప్పలేదా యన్నచో, "డాక్టరుగారి ముందు డబ్బు మాట ఎలా ఎత్తేది?" అనిరి. మరునాడు పరీక్ష చేయింపగా రక్తపోటు పై అంకె 170 దాటి యుండెను.

బిళ్ళను కోయుట తప్పు గాదు. మోతాదును కోయుటయే తప్పు. కొన్ని మందులలో 10 మిల్లీగ్రాముల బిళ్ళ వెల 5 మిల్లీగ్రాముల బిళ్ళకు రెట్టింపుండదు. చిన్నబిళ్ళ 3 రూపాయలు, పెద్దబిళ్ళ 4 రూపాయలు అనుకొందము. 5 మిల్లీగ్రాములు కావలసిన రోగి పెద్దబిళ్ళలో సగము వాడినచో దినమునకు 2 రూపాయలే యగును. మందు మాత్ర మేమియు తగ్గదు. అన్ని మందులకు ఈ లెక్క కలిసిరాదు. కొన్నిటికి వెల సరిగా రెట్టింపే యుండును గనుక ముందు విచారింపవలెను.

అన్ని బిళ్ళలును కోతకు తగినవి గావు. క్యాప్సూళ్ళను కోయరాదు. కడుపులోని ఆమ్లమునకు తాళి పేగులలో కరగుటకై పూత పూసిన బిళ్ళలను కోయరాదు. పేరు చివర ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఎల్. వంటి అక్షరము లున్నవి మందును మెల్లమెల్లగా విడుచునవి. వీనిని తెలియక కోసినచో దినమంతటి మందు ఒక్కసారిగా దేహమున చేరవచ్చును. మూర్ఛమందులు, వార్ఫరిన్, డిగాక్సిన్ వంటివి కొద్దిపాటి హెచ్చుతగ్గులకే హాని చేయును. నడుమ గీటున్నను వైద్యునో, ఫార్మసిస్టునో అడిగియే కోయవలెను.

కూరగాయల కత్తితో ముక్కలు సమముగా రావు. బిళ్ళలు కోయుటకు బ్లేడు గల చిన్న పెట్టెలు మందుల దుకాణములలో దొరకును. చీటీలోని బిళ్ళలన్నిటిని ఒక్కమారే కోసి యుంచరాదు. తేమ తగిలి చెడవచ్చును. ఒక బిళ్ళ కోసి, నేడొక సగము, రేపు రెండవ సగము వాడినచో చిన్న తేడాలు సరిపోవును. చేతులు వణకువారికి, చూపు తగ్గినవారికి ఇంటివారే కోసి యీయవలెను.

కోతకు తగని మందులకు వేఱొక మార్గము కలదు. 2008లో ఆరంభమైన జన ఔషధి పథకపు దుకాణములలో పలు మందులు తక్కువ వెలకు లభించును.

మా తండ్రిగారి వైద్యునికి సంగతి చెప్పితిమి. ఆయన కోపింపలేదు. అదే మందును రెట్టింపు బలముగల గీటుబిళ్ళగా మార్చి, పొరపాటున ఎవరును పూర్తిబిళ్ళ ఈయకుండునట్లు "దినమునకు అరబిళ్ళ మాత్రమే" అని పెద్ద అక్షరములతో వ్రాసియిచ్చిరి. ఖర్చు తగ్గినది, రక్తపోటును తగ్గినది. ఇందులకు కావలసివచ్చినది వైద్యునితో ఒక్క మాట. శ్రోతలారా! ఆ మాట చెప్పుటకు సంకోచింపకుడు.