ఓర్చుకోవడం ఆరోగ్యమా?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. నేను డాక్టర్ని కాదు. సైకాలజీ చదువుకున్నదాన్నీ కాదు. ఇరవై ఏళ్ళకు పైగా ఒక మహిళా సంఘం సలహా కేంద్రంలో కూర్చుని, వచ్చిన స్త్రీలు చెప్పేది వింటూ వచ్చాను. ఆ అనుభవంలోంచే నాలుగు మాటలు చెబుతాను. అందులో నా తప్పులు కూడా ఉన్నాయి.

దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక వాక్యం చదువుతూ పెరిగాం మనమంతా. ‘కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య’. ఇంట్లోవాళ్ళు అదే చెబుతారు, పోలీసులు అదే రాసుకుంటారు, విలేఖరి అదే పంపిస్తాడు. నిజంగా కడుపునొప్పితో బాధపడినవాళ్ళూ ఉండి ఉంటారు. కానీ ఆ రెండు ముక్కల కింద ఎన్ని కొట్లాటలు, ఎన్ని నిద్రలేని రాత్రులు పూడ్చిపెట్టారో ఇక్కడ కూర్చున్న వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2021లో మన దేశంలో 45,026 మంది స్త్రీలు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్ళలో 23,179 మంది గృహిణులు. అంటే సగానికి పైగా. ఇంత పెద్ద సంఖ్య ఉన్నా ‘ఇంట్లో ఉండే ఆడదానికి ఏం కష్టం?’ అనే ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఒక మనిషి గురించి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. ఆమె మా కేంద్రానికి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఒకే మాట: “అక్కా, తెల్లబట్ట అవుతోంది, నడుం పీకేస్తోంది, ఒంట్లో సత్తువ లేదు.” మూడుసార్లు ఆస్పత్రికి పంపాం. పరీక్షలు చేశారు, ఏమీ లేదన్నారు. ఐరన్ మాత్రలు, టానిక్కు ఇచ్చారు. నాలుగోసారి వచ్చినప్పుడు నాకు ఏమనిపించిందో గాని, “రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?” అని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పావుగంట ఏడ్చింది. నిద్రపోయి నాలుగు నెలలైందట. భర్త కొడతాడట. తెల్లవారుజామున బావి దగ్గరికి వెళ్ళి నిలబడి తిరిగి వస్తోందట.

తర్వాత తెలిసింది, ఇలాంటివాళ్ళు ఎందరో ఉంటారని. గోవాలో విక్రమ్ పటేల్ బృందం స్త్రీలలో తెల్లబట్ట ఫిర్యాదు మీద అధ్యయనం చేసింది. ఆ ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్లతో కంటే మనోవ్యాకులతతో, కష్టాలతో ఎక్కువ సంబంధం కనిపించింది. తెల్లబట్టకు పరీక్ష అక్కర్లేదని దీని అర్థం కాదు. పరీక్ష చేయించాలి. దాంతోపాటు నిద్ర గురించీ అడగాలి. మనసు బాధ చెప్పుకోవడానికి ఆమెకు అనుమతి లేదు. ఒంటి బాధ చెప్పుకోవడానికి ఉంది. ఉన్న దారిలోనే ఆమె వచ్చింది.

మరి నాలుగు నెలలు ఎందుకు చెప్పలేదు? తర్వాత నింపాదిగా అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మొగుడన్నాక కొట్టకుండా ఉంటాడా అనుకుంది. ఇది నా తలరాత, ఎవరేం చేస్తారు అనుకుంది. మనసు బాగాలేదని ఆస్పత్రికి వెళితే పిచ్చిదంటారు, రేపు కూతురికి సంబంధాలు రావు అనుకుంది. ఆ మందులు మొదలుపెడితే జీవితాంతం మింగాలని ఎవరో చెప్పారు. ఈ నాలుగు నమ్మకాలూ నాలుగు గోడల్లా ఆమె చుట్టూ నిలబడ్డాయి.

ఇవి ఆమె ఒక్కదానివేనా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీలను ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళితే, వంట సరిగ్గా చేయకపోతే, ఎదురు మాట్లాడితే, అత్తమామల్ని గౌరవించకపోతే - ఇలాంటి ఏడు కారణాల్లో ఏ ఒక్కదానికైనా భర్త కొట్టడం సబబేనా అని. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 84 మంది స్త్రీలు సబబే అన్నారు. దేశం మొత్తంలో అలా అన్నవాళ్ళు 45 శాతం. చదువులో, పొదుపు సంఘాల్లో ముందున్నామని చెప్పుకునే మన రెండు రాష్ట్రాలూ ఈ లెక్కలో అన్నిటికంటే ముందున్నాయి. అదే సర్వేలో మరో సంగతి ఉంది. శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవాళ్ళు 14 శాతమే. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. దెబ్బ తినడం న్యాయమే అనుకున్న మనిషి ఫిర్యాదు ఎందుకు చేస్తుంది? తన తప్పే అనుకున్నప్పుడు, తగిలిన దెబ్బకు కట్టు కట్టించుకోవడానికి కూడా సిగ్గుపడుతుంది.

నమ్మకానికీ వైద్యానికీ ఉన్న ఈ సంబంధం గురించి చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖ క్షయ పరీక్ష కోసం ఉచితంగా ఎక్స్‌రేలు తీసే ఏర్పాటు చేసింది. బండ్లు పేటల్లోకే వెళ్ళాయి. అయినా జనం అనుకున్నంతగా రాలేదు. ఎందుకని హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ వంటి శాస్త్రవేత్తలు వెతికారు. ఈ జబ్బు నాకు రావచ్చని మనిషి నమ్మాలి. వస్తే ప్రమాదమని నమ్మాలి. వైద్యంతో ప్రయోజనం ఉందని నమ్మాలి. అడ్డంకుల కంటే ఆ ప్రయోజనం ఎక్కువని తోచాలి. తర్వాతి కాలంలో ఐదోది కలిపారు: ఇది నేను చేయగలనని తన మీద తనకు నమ్మకం ఉండాలి. ఇప్పుడు మా కేంద్రానికి వచ్చిన ఆమెను ఈ ఐదింటి ముందు నిలబెట్టి చూడండి. తనది జబ్బని ఆమెకు తెలియదు. మందుతో తగ్గుతుందని తెలియదు. అడ్డంకులు మాత్రం బాగా తెలుసు. ఇక తన మీద నమ్మకం అంటారా, పదిహేనేళ్ళుగా ‘నీకేం తెలుసు’ అనిపించుకున్న మనిషికి అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. ‘అంతా నీ ఆలోచనల్లోనే ఉంది, ఆలోచన మార్చుకుంటే బాగుపడతావు’ అని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆమె నమ్మకాలన్నీ ఉత్త భ్రమలా? కూతురి సంబంధం చెడుతుందన్న భయం ఊళ్ళో చూసి నేర్చుకున్నదే. పుట్టింటివాళ్ళు ‘సర్దుకుపో’ అని రెండుసార్లు వెనక్కి పంపారు. వెళ్ళడానికి చోటు లేనప్పుడు తలరాత అనుకుంటేనే ఆమెకు కాస్త ఊపిరి ఆడింది. నమ్మకం ఆమె మనసులో ఉన్నమాట నిజమే. దాన్ని అక్కడ నాటినవాళ్ళు బయట ఉన్నారు. ఆ సంగతి వదిలేసి ఆమె ఆలోచనల్ని మాత్రమే తప్పుపడితే, కొట్టినవాడి తర్వాత మనం కూడా ఓ దెబ్బ వేసినట్టే.

నాటేవాళ్ళలో చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. గర్భసంచి సంగతే చూడండి. 2015-16 సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 3 శాతానికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం. ‘పిల్లలు పుట్టేశాక దాంతో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అనే మాట పల్లెల్లో ఎన్నిసార్లు విన్నామో! దాన్ని మన అమ్మమ్మలు పుట్టించలేదు. ఆస్పత్రుల్లోంచే ఊళ్ళోకి వచ్చింది. ఆపరేషన్‌కి వెళ్ళిన స్త్రీని మూఢురాలు అనగలమా?

పూనకాలు, దర్గాలు, గుళ్ళో నిద్రలు కూడా అంతే. నేను మొదట్లో వాటిని చూసి విసుక్కునేదాన్ని. తర్వాత గమనించాను. ఏడాది పొడుగునా నోరు విప్పని కోడలు పూనకంలో అత్తను నిలదీస్తుంది, ఆ రోజు అందరూ చేతులు కట్టుకుని వింటారు. ఆ వినడం ఆమెకు కావాలి. గొలుసులు వేయడం, కొట్టడం, పొగ పెట్టడం జరిగితే మాత్రం ఊరుకోకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకునే వీల్లేక కాలిపోయారు. మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళే స్త్రీతో గొడవ పెట్టుకోకుండా, “అక్కడికీ వెళ్ళు, డాక్టరు దగ్గరికీ పోదాం, నేనూ వస్తాను” అంటే ఎక్కువమంది వస్తారు. ఇది నా అనుభవం.

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ళ కిందట మా సంఘం చాలా ఒత్తిడిలో ఉంది. ఒక కేసులో మేం కాపాడలేకపోయిన అమ్మాయి ముఖం నాకు రాత్రిళ్ళు కనిపించేది. మూడింటికే మెలకువ వచ్చేది. మీటింగుల్లో మాట్లాడుతూనే ఉన్నాను గాని లోపల ఏమీ ఉండేది కాదు. బీపీ మాత్రలు వేసుకోవడం మానేశాను. మరచిపోయి కాదు. వేసుకుని ఏం లాభం అనిపించి. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు? కార్యకర్త ఏడవకూడదు. పదిమందికి ధైర్యం చెప్పేది డాక్టరు ముందు కూర్చుంటే మన సంఘాన్ని చూసి నవ్వుతారు. ఇవీ నా నమ్మకాలు. బావి దగ్గర నిలబడిన ఆమె నమ్మకాలకూ వీటికీ తేడా ఏముంది? ఆమె ఓర్పును కుటుంబం మెచ్చుకుంది, నా ఓర్పును ఉద్యమం మెచ్చుకుంది.

ఒక స్నేహితురాలు నా చేయి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తొమ్మిది నెలలు మందులు వాడాను. మొదటి రెండు వారాలు నోరు ఎండిపోయి, కడుపులో తిప్పి చాలా ఇబ్బందైంది. నాలుగో వారానికి నిద్ర వచ్చింది. నిద్ర వచ్చాక బీపీ మాత్ర కూడా వేసుకోబుద్ధైంది. డాక్టరు చెప్పినట్టే నెమ్మదిగా తగ్గించి ఆపాను. జీవితాంతం మింగాల్సిన పని నాకు పడలేదు. పడినా షుగరు మాత్రలాగే వేసుకునేదాన్ని.

అప్పుడు నాకు నేను చేసిన ఒక తప్పు తెలిసొచ్చింది. ఏడుస్తూ వచ్చిన ప్రతి స్త్రీకీ “ధైర్యంగా ఉండాలమ్మా” అని చెప్పేదాన్ని. ఆమెతోనూ అన్నాను. తర్వాత ఒకరోజు ఆమే చెప్పింది: “మీరు ధైర్యంగా ఉండమన్నారు, నాకు చేతకాలేదు. మళ్ళీ మీ దగ్గరికి రావాలంటే సిగ్గేసి రెండు వారాలు రాలేదక్కా.” ఆ రెండు వారాల్లో ఏమైనా జరిగి ఉంటే? పేపర్లో మళ్ళీ అదే వాక్యం వచ్చేది.

ఆమె కథ సుఖాంతమని చెప్పలేను. మందులు వాడింది, నిద్రపోతోంది. గృహహింస చట్టం కింద కోర్టుకు వెళ్ళింది, రక్షణ ఉత్తర్వు వచ్చింది. ఆ ఇంట్లోనే ఉంటోంది. అతను చేయి ఎత్తడం తగ్గింది, నోరు తగ్గలేదు. కానీ “ఇది నా తప్పు కాదు” అని ఇప్పుడు అంటుంది. ఈ మాట రావడానికి మందు, చట్టం, సంఘం మూడూ కావలసి వచ్చాయి. ఒక్కటే అయితే చాలేది కాదు.

జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో ఒక పని మొదలుపెట్టాడు. డాక్టర్లు కరువైన చోట, పేటల్లోని అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి ఆస్పత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. ‘డిప్రెషన్’ అనే మాటే వాడరు. ‘కుఫుంగిసిసా’ అంటారు, అంటే అతిగా ఆలోచించడం. మనవాళ్ళూ ‘ఆలోచనలు ఎక్కువైపోయాయి’ అనే అంటారు కదా! 2016లో ప్రచురించిన పరిశోధనలో ఆ బెంచీల వల్ల స్త్రీల బాధ బాగా తగ్గిందని తేలింది. ఆ అమ్మమ్మలు చేసేది మనం చేయలేనిదేమీ కాదు.

చట్టం కూడా కొంత మారింది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. అధికారుల్ని బలవంతపెట్టడానికి చేసే ప్రయత్నం మాత్రమే నేరం. ‘కేసవుతుంది’ అని భయపెట్టే ఆస్పత్రి సిబ్బందికి ఈ మాట మనం చెప్పగలగాలి. 2022 నుంచి టెలీ మానస్ ఉంది, 14416 నంబరు. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నేను అడిగేది మూడు పనులు. ఒకటి, నొప్పులంటూ వచ్చిన ప్రతి స్త్రీనీ నిద్ర, ఆకలి, ఇంట్లో దెబ్బల గురించి అడగండి. రెండు, అనుమానం వస్తే “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది. వస్తే ఆమెను ఒంటరిగా పంపకండి, తోడు వెళ్ళండి. మూడు, నెలకో మీటింగులో మన గురించి మనం మాట్లాడుకుందాం. ఎవరికి నిద్ర పట్టడం లేదో, ఎవరు మాత్రలు మానేశారో.

ఆ మూడోది ఇవాళే మొదలుపెడదామా? మధ్యాహ్నం భోజనాల తర్వాత ఈ చాప మీదే కూర్చుందాం. మొదట నేను చెబుతాను.