బలిపీఠం వెనుక బొమ్మలు

బహ్రెయిన్‌లోని అవాలీలో, ఆ దేశపు రాజు ఇచ్చిన స్థలంలో వెలసి 2021 డిసెంబరులో ప్రతిష్ఠ జరుపుకున్న అరేబియా మాత కేథడ్రల్‌లోనైనా, మరే కథోలిక ఆలయంలోనైనా ఆరాధనకు కేంద్రం బలిపీఠమే. అంటే గురువు రొట్టెను, ద్రాక్షారసాన్ని ఆశీర్వదించే బల్ల.

దాని వెనుక నిలిపే చిత్రఫలకాన్ని యూరప్‌లో ఆల్టర్‌పీస్ అంటారు. వాటిలో తలమానికం, బెల్జియంలోని గెంట్ నగరంలో వాన్ ఐక్ సోదరులు తైలవర్ణాలతో చిత్రించగా 1432లో పూర్తయినది. తలుపుల్లాంటి దాని చెక్క పలకలు తెరిస్తే, నడుమ బలిపీఠంపై నిలబడిన గొర్రెపిల్ల రొమ్ము నుంచి సన్నని రక్తధార పాత్రలోకి జారుతూ కనిపిస్తుంది. క్రీస్తు త్యాగానికి అది సంకేతం, చదువురాని భక్తుడికీ ఇట్టే తెలిసేది.

1934లో దొంగలెత్తుకుపోయిన ఒక పలక నేటికీ దొరకలేదు. ఆ చోట ఇప్పుడున్నది నకలే.