రథపు ఉక్కుపలకకు రంధ్రము



నూతన రథమునకు మీరొసగిన ద్రవ్యములో కొంత భాగము గుండ్రని రంధ్రములు వేయించుటకు వెచ్చింపబడినదని విని, "రంధ్రమునకు ఇంత ఖర్చా?" అని కొందరు అడిగిరి. అడుగుట న్యాయమే. వేదము చదివిన అర్చకునకు ఇనుము గోల యేలయని కూడ అనుకొనవచ్చును. రథము కదలునపుడు మోకు పట్టి, చక్రముల ప్రక్కన నడచువారు మన బిడ్డలే గనుక, నేనీ సంగతి పనివారిని అడిగి తెలిసికొంటిని.

ఇరుసును మోయు 25 మి.మీ. మందపు ఉక్కుపలకలకు బోల్టులు బిగింపవలెను. గ్యాస్ మంటతో కోసినచో చౌకయే. కాని రంధ్రపు అంచు గరుకుగా, వంకరగా వచ్చును. వేడికి ఆ అంచు గట్టిపడి పెళుసగును. బోల్టు వదులై, ప్రతి కుదుపునకును కదలి, పగులు అచ్చటనే మొదలు కావచ్చును. మామూలు డ్రిల్లు బిట్టుతోనైనచో చిన్న రంధ్రముతో ఆరంభించి బిట్టులు మార్చుచు పోవలెను. లోపలి ఇనుమంతయు పొట్టు కావలెను.

మూడవ ఉపాయము యాన్యులర్ కట్టరు. బ్రోచ్ కట్టరనియు అందురు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమునకు చెందిన ఎవరెట్ డగ్లస్ హౌగెన్ 1970ల దశకములో దీనిని రూపొందించెను. ఇది లోపల బోలుగా నుండు ఉక్కుగొట్టము; పండ్లు అంచుననే యుండును. మన ఇండ్లలో పిండిపై గ్లాసు నొక్కి బిళ్ళ తీయుదురు గదా, అట్లే ఇది అంచును మాత్రమే కోసి, నడిమి ఇనుమును బిళ్ళగా విడుచును. 50 మి.మీ. రంధ్రమునకు 5 మి.మీ. గోడగల కట్టరు వాడినచో, నూటికి 36 పాళ్ళ ఇనుము మాత్రమే పొట్టగును; తక్కిన 64 పాళ్ళు ఒకే ముద్దగా వచ్చును. అందువలన శ్రమ తగ్గును, కాలము కలిసివచ్చును, రంధ్రము నునుపుగా, కొలతకు సరిగా నుండును.

కట్టరు నడుమ పైలట్ పిన్ అను సన్నని కడ్డీ యుండును. మొదట అది గుర్తుపై నిలిచి కేంద్రమును చూపును; కోయుచుండగా దాని వెంట చల్లని ద్రవము లోపలి పండ్లకు చేరును; చివర స్ప్రింగు బలముతో బిళ్ళను బయటకు నెట్టును. ఆ బిళ్ళ వేడిగా, బరువుగా పడును. క్రింద ఎవరును నిలువరాదు.

యంత్రము విద్యుదయస్కాంతముతో పలకను అంటిపెట్టుకొనును. తుప్పు, రంగు గీకినగాని పట్టు చాలదు; పలుచని రేకుపై నిలువదు. ఇత్తడి, రాగి దానికి అంటనే అంటవు గనుక ధ్వజస్తంభపు తొడుగు దగ్గర ఇది పనికిరాదు. కరెంటు పోయినచో పట్టు వదలును. మన ఊరి కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు! కనుక గొలుసుతో కట్టనిదే మీట నొక్కనీయలేదు.

దేవుని రథమునకు యంత్రపు కోత తగునా యని ఒక పెద్దలు సందేహించిరి. శిల్పి చేతి ఉలియు ఇనుమే గదా! దానికి వేసిన అక్షతలే కట్టరునకును వేసితిమి. నా దృష్టిలో దోషము యంత్రములో లేదు, వదులు బోల్టులో నున్నది. ఏటేటా రథోత్సవమునకు ముందు ప్రతి బోల్టును బిగించి, రంధ్రముల అంచులు పరీక్షింపవలెను. దానికిని కొంత నిధి కావలెను.

కోసిన బిళ్ళలను ప్రసాదముగా నిమ్మని కొందరు కోరిరి. అవి పాత ఇనుము మాత్రమే. తూకమునకు అమ్మి, వచ్చిన సొమ్మును రథనిధి ఖాతాలో జమచేసితిమి.