బొమ్మల సినిమాలో ఇల్లు
(సాలూరులో డిగ్రీ పట్టాల ప్రదానోత్సవంలో చేసిన ప్రసంగం)

వెనక వరసల్లో అమ్మానాన్నలు ఎండకి తువ్వాళ్లు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. నల్ల గౌన్లలో చెమటలు కక్కుతున్న పట్టభద్రులందరికీ అభినందనలు. ఆ గౌను మన ఎండని చూసి కుట్టింది కాదు. ఫోటోలో మాత్రం బాగుంటుంది, ఇంకో గంట ఓర్చుకోండి.

స్నాతకోత్సవాల్లో పెద్ద పెద్ద కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట చెప్పేవాళ్లు మీకు ఎక్కడైనా దొరుకుతారు. నేను పిల్లల సినిమాల గురించి రాసేవాణ్ని కాబట్టి నాకు తెలిసిందే మాట్లాడతాను. చిన్నప్పుడు మీరు అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని మింగడం మరిచిపోయి చూసిన కార్టూన్లు, బొమ్మల సినిమాలు ఇల్లంటే ఏమిటని చెప్పాయి? రేపో మాపో విశాఖపట్నానికో హైదరాబాదుకో బస్సెక్కబోయే మీకు అందులో ఎంత పనికొస్తుంది?

మీలో ఎక్కువమంది 2004, 2005ల్లో పుట్టినవాళ్లు. 2008లో పోగో చానల్లో ఛోటా భీమ్ మొదలయ్యేసరికి మీకు మూడు నాలుగేళ్లు. దాన్ని తీసింది బొంబాయివాళ్లు కాదు. హైదరాబాదులో రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ. ధోలక్‌పూర్‌లో భీముడికి ఆకలేస్తే ఊళ్లో లడ్డూలు ఉన్నాయి. ఆపదొస్తే ఊరంతా భీముడి కోసం వెతుకుతుంది. తోటి కుర్రాడు కాలియా ఎన్నిసార్లు కుళ్లుకున్నా మర్నాడు అదే జట్టులో ఉంటాడు. ఆ ఊళ్లో పుట్టినవాడు ఆ ఊరివాడే, ఎవరూ ఏ రుజువూ చూపించక్కర్లేదు. 2020 జూన్‌లో, భీముడు స్నేహితురాలు చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని పెళ్లి చేసుకున్నాడని ట్విట్టర్లో గోల లేస్తే, వాళ్లు ఇంకా పిల్లలే, ఎవరికీ పెళ్లి కాలేదని గ్రీన్ గోల్డ్ వాళ్లు ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. నవ్వొచ్చే సంగతే గానీ, ఆ గోల చేసిన కుర్రాళ్లు చుట్కీని తమ వీధి పిల్ల అనుకున్నారు.

అయితే ధోలక్‌పూర్‌లో ఒక సౌకర్యం ఉంది. అక్కణ్నించి ఎవరూ పని వెతుక్కుంటూ వలస పోరు. మన ఊరు అలాంటిది కాదు. సాలూరంటే లారీలు. ఘాట్ రోడ్డెక్కి కోరాపుట్ మీదుగా రాయపూర్ వెళ్లే బండ్ల మీద ఎన్ని ఇళ్లు బతికాయో ఈ సభలో లెక్కపెట్టక్కర్లేదు, మీ వెనక కూర్చున్నవాళ్లని చూస్తే చాలు. నాన్న ఎప్పుడొస్తాడంటే బండి ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడు. అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లకి భీముడి ఊరికన్నా బయటిదేశాల బొమ్మల సినిమాలే ఎక్కువ దగ్గర అని నా అనుమానం. వాటిలో ఎవరో ఒకరు ఎప్పుడూ దూరంగా ఉంటారు.

'కుంగ్ ఫూ పాండా' చూసే ఉంటారు. ముల్లంగి బుట్టలో దొరికిన పాండా కూనని నూడిల్స్ హోటలు నడిపే బాతు పెంచుతుంది. 2011లో వచ్చిన రెండో భాగంలో ఆ సంగతి బయటపడుతుంది. 2016 నాటి మూడో భాగంలో కన్నతండ్రి వచ్చేస్తాడు. అప్పుడు ఆ బాతు పడే కుళ్లు, బిడ్డ తన చేజారిపోతాడేమోనని మూటలో దాక్కుని వెంటపడి పోవడం చూసి హాల్లో పిల్లలు పగలబడి నవ్వుతారు. పక్కన కూర్చున్న పెద్దవాళ్లకి నవ్వు అంత తేలిగ్గా రాదు. చివరికి ఆ ముసలి బాతు తేల్చుకునేది ఏమిటంటే, ఇంకో తండ్రి వచ్చినంత మాత్రాన తనకేమీ తగ్గదు, బిడ్డకే ఇంకొంత దక్కుతుంది అని. యశోదని తల్లి కాదన్నవాళ్లెవరూ మనలో లేరు కాబట్టి ఈ మాట మనకి సులువుగానే ఎక్కుతుంది. ఎక్కనిది కొటియాలో. మన మండలం అంచున ఉన్న ఆ కొండ ఊళ్లని ఆంధ్రా నాదంటుంది, ఒడిశా నాదంటుంది. 1968లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన తగువు అది. ఇద్దరు తండ్రులూ బిడ్డ చెయ్యి చెరోవైపు లాగుతున్నారు. ఆ బాతుకున్న బుద్ధి ఇద్దరికీ రావాలని ఆ ఊళ్ల పిల్లలు కోరుకుంటే తప్పు లేదు.

2024 డిసెంబరులో వచ్చిన 'ముఫాసా' కూడా ఈ దారిదే. తెలుగులో మహేష్‌బాబు గొంతిచ్చారు కాబట్టి మీరు చూసి ఉంటారు. వరదలో కొట్టుకొచ్చిన సింహం పిల్లని రాజుగారి భార్య చేరదీస్తుంది. రాజుకి మాత్రం వాడు దారిన పోయే పరాయివాడే. రాజు కొడుకు టాకాకి వంశం ఉంది, పరాయివాడికి పనితనం ఉంది. ఆడసింహాల వెంట తిరిగి వేట, వాసన పట్టడం నేర్చుకున్నది పరాయివాడే. ఇంటిపేరు అడిగి, ఏ ఊరని అడిగి, ఆ తర్వాత ఇంకోటి అడగడానికి మొహమాటపడుతూ ఆగే మన సమాజానికి ఈ కథ కొంచెం గుచ్చుకోవాలి. మీరు రేపు హైదరాబాదులో అద్దె గది కోసం తిరిగేటప్పుడు ఆ మూడో ప్రశ్న ఎలాగూ ఎదురవుతుంది. మీరు ఎవర్నీ అది అడగకండి.

ఇప్పుడు 'కోకో' గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను. 2017లో వచ్చింది. మెక్సికోలో చెప్పులు కుట్టే కుటుంబం. ఆ ఇంట్లో పాట నిషిద్ధం. ఆ ఇంటి పిల్లాడి ముత్తవ్వకి తండ్రి అయిన హెక్టర్ అనే ఆయన పాటల మోజులో పెళ్లాన్నీ పసిపిల్లనీ వదిలేసి పోయాడని, మళ్లీ తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటారు. పోయిన పెద్దల ఫోటోలు వరసగా పెట్టి, వాళ్లకిష్టమైనవి వండిపెట్టే పండగ రోజున ఆయన ఫోటో మాత్రం ఉండదు. ముఖం చింపేశారు. భూమ్మీద తలుచుకునేవాళ్లు ఒక్కరూ లేకపోతే చచ్చిపోయినవాళ్లు రెండోసారి చచ్చిపోతారన్నది ఆ సినిమాలో లెక్క.

ఈ పండగ మనకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సంక్రాంతంటే గాలిపటాలు, కోడిపందాలకన్నా ముందు పెద్దలకు పెట్టుకోవడం. కొత్తబట్టలు పెట్టి, వాళ్లు ఇష్టంగా తినేవి వండి, విస్తట్లో వడ్డించి, పేరుపేరునా తలుచుకున్నాకే మనం తింటాం. ఎక్కడెక్కడో కూలికి పోయినవాళ్లు రైళ్లలో నిలబడి మరీ ఇంటికొచ్చేది దానికే. అందుకే 'కోకో' మెక్సికో కథలా నాకెప్పుడూ అనిపించలేదు.

అయితే ఆ సినిమా పండగ దగ్గర ఆగలేదు. హెక్టర్ ఇల్లు వదిలి పారిపోలేదని, పని మీద వెళ్లి, ఇంటి మీద బెంగ పుట్టి తిరుగు ప్రయాణం కట్టుకున్న రాత్రే స్నేహితుడు విషం పెట్టి చంపేశాడని ఆఖరికి తెలుస్తుంది. నాలుగు తరాలు ఆ ఇంట్లోవాళ్లు ఒక అమాయకుణ్ని తిట్టుకుంటూ బతికారు. నిజం తెలిశాక ఏం చేశారు? ఫోటో అతికించి వరసలో పెట్టారు. ఇంట్లో పాట మళ్లీ మొదలైంది. అంటే బయటికెళ్లిన పిల్లాడు ఒక్కడే మారలేదు, ఇల్లు కూడా మారింది. తను చెప్పుకుంటూ వచ్చిన కథ తప్పని ఒప్పుకుంది.

లారీల ఊళ్లో ఈ ముక్క వినడం అంత తేలిక కాదని నాకు తెలుసు. బండి మీదికెళ్లి తిరిగి రానివాళ్ల గురించి కొన్ని ఇళ్లలో మాట్లాడరు, కొన్ని ఇళ్లలో ఒకే రకంగా మాట్లాడతారు. ప్రతి ఇంట్లోనూ ముఖం చింపేసిన ఫోటో ఒకటి ఉంటుంది. కులం కాని పెళ్లి చేసుకున్న మేనత్త కావచ్చు, అప్పులపాలై ఊరొదిలిన చిన్నాన్న కావచ్చు. డిగ్రీ చదువుకున్నారు కదా, సాక్ష్యం అడగడం మీకు నేర్పారు. వాళ్ల సంగతి ఇంట్లో ఒకసారి అడిగి చూడండి. తిట్లు పడతాయి. అయినా అడగండి.

కుటుంబ విలువలనగానే మనకి వెంటనే గుర్తొచ్చేది పెద్దల మాట వినడం. ఆ లెక్కన ప్రహ్లాదుడికి సున్నా మార్కులు రావాలి. 2025 జులైలో విడుదలైన 'మహావతార్ నరసింహ' బొమ్మల సినిమాకి మన ఊళ్లలో జనం పిల్లాపాపలతో వెళ్లారు. ఆ కథ మనకి పరాయిది కాదు. ప్రహ్లాదుణ్ని తోయించిన కొండ సింహాచలమేనని మన స్థలపురాణం. ఇవాళ పట్టా తీసుకుంటున్నవాళ్లలోనూ, వాళ్ల తాతల్లోనూ ఎంతమంది అప్పలనాయుళ్లు, అప్పలరాజులు, సింహాచలాలు ఉన్నారో రిజిస్టరు చూసుకోండి. సినిమాలో గర్జనలు, గదాయుద్ధాలు నా రుచికి కాస్త ఎక్కువయ్యాయి. కథలో నాకు నచ్చేది చివర్న ఉంది. భాగవతంలో ప్రహ్లాదుడు తండ్రి చెప్పింది ఒక్కటీ వినడు, కానీ వరం కోరుకోమంటే తండ్రి పాపం పోగొట్టమంటాడు. ఎదురుచెప్పినంత మాత్రాన కొడుకు కాకుండా పోలేదు. ఉద్యోగం విషయంలోనో పెళ్లి విషయంలోనో ఇంట్లో మీకు పేచీ రాకమానదు. వచ్చినప్పుడు ఇంటి గుమ్మం మూసుకుపోయిందని మీరు అనుకోవద్దు. తల్లిదండ్రులు మూయవద్దు.

మీలో చాలామంది కొండ మీది ఊళ్లనుంచి ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుంటూ వచ్చినవాళ్లు. ఆరేడేళ్ల వయసులో ట్రంకు పెట్టెతో ఇల్లు వదిలినవాళ్లు. 'ఇన్‌సైడ్ అవుట్' అని 2015లో ఒక సినిమా వచ్చింది. పదకొండేళ్ల రైలీని ఉన్న ఊరినుంచి శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకుపోతారు. నాన్న కష్టంలో ఉన్నాడు, నవ్వుతూ ఉండమ్మా అంటుంది తల్లి. ఆ పిల్ల నవ్వీ నవ్వీ చివరికి బస్సెక్కి పారిపోబోతుంది. వెనక్కొచ్చి భోరుమని ఏడ్చాకే ఆ ముగ్గురూ మళ్లీ ఒక కుటుంబమవుతారు. హాస్టల్లో చేరిన మొదటి వారం ఏడుపు ఆపుకున్న ప్రతి పిల్లకీ ఈ కథ తెలుసు. అప్పుడు ఆపుకున్నారు, సరే. రేపు కొత్త ఊళ్లో మొదటి నెల బాగోలేకపోతే, ఇంటికి ఫోన్ చేసి 'బాగున్నానమ్మా' అని పెట్టేయకండి.

ఇంత మెచ్చుకున్నాక ఈ సినిమాల మీద నా ఫిర్యాదు కూడా వినండి. వీటిలో చాలావాటికి తల్లి అడ్డు. 1942 నాటి 'బాంబి' మొదలు 'ఫైండింగ్ నీమో' దాకా తల్లిని చంపేస్తారు. నీమోని వెతుక్కుంటూ సముద్రాలు దాటిన తండ్రి చేపని చూసి మనం కన్నీళ్లు పెట్టుకుంటాం. రోజూ తెల్లారి లేచి పొయ్యి వెలిగించిన మనిషికి కథలో చోటుండదు. ఒక ఇంటి మనిషి కావడమంటే కౌగిలింతలు, పాటలు అనుకునే అలవాటు ఈ సినిమాలవల్లే వచ్చిందేమో. నాన్న రాయపూర్ రోడ్డు మీద ఉన్న పదిహేను రోజులూ నీళ్లు పట్టి, రేషన్ తెచ్చి, మీ ఫీజు కోసం చెవిదుద్దులు తాకట్టు పెట్టినావిడ ఈ సభలోనే ఉంది. ఆ పని ఏ సినిమాలోనూ లేదు. మీరు కాపురాలు పెట్టాక ఆ పని మళ్లీ ఆడపిల్ల నెత్తినే పడితే, చూసిన సినిమాలన్నీ దండగ. అబ్బాయిలూ, ఇది మీకే.

మన ఇళ్లు తెరమీద లేకపోవడం రెండో లోటు. యానిమేషన్ చేసే చేతులు మనకి లేక కాదు. తెలుగులో తీసిన 'కిట్టు' 2006 సంవత్సరానికి జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్రమైంది. హైదరాబాదు డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్‌లో 'జంగిల్ బుక్' టీవీ సీరియల్‌కి బొమ్మలు కదిలించారు. సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేముల చాకిరీ మనవాళ్లు చేస్తారు, కథలోని ఇల్లు మాత్రం ఇంకెవరిదో ఉంటుంది. శంబర పోలమాంబ జాతరకి ఎడ్లబండి కట్టుకుని వెళ్లే కుటుంబం కథ, కొండమీద అమ్మమ్మ దగ్గర కువి భాషలో మాట్లాడి కింద బడిలో తెలుగుకి తడుముకునే పిల్ల కథ ఎవరూ తీయలేదు. తీయాలంటే ముందు కథలు కావాలి. అవి మీ మామ్మల దగ్గర ఉన్నాయి, వాళ్లకి వయసు మీరిపోతోంది.

కాబట్టి ఒక్క పని అడుగుతాను. ఉద్యోగంలో చేరేలోపు మీ ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చుని, కువి అయితే కువిలో, సవర అయితే సవరలో, మన సాలూరు తెలుగైతే అందులోనే, ఆవిడ చెప్పే కథలు ఫోన్‌లో రికార్డు చెయ్యండి. భాష దిద్దకండి. మధ్యలో ఆవిడ దగ్గితే దగ్గు కూడా ఉండనివ్వండి. ఊరి పేరు, చెప్పినావిడ పేరు, తారీఖు రాసిపెట్టి, ఒక కాపీ ఈ కాలేజీ లైబ్రరీలో ఇవ్వండి. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.