ఇంటికి జనరేటరు కొనే ముందు
(మాడుగులలో జరిగిన పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ నేను వచ్చింది సంఘం లెక్కలు చూడడానికి కాదు, కాబట్టి ఎవరూ కంగారు పడనక్కరలేదు. బోనసు సొమ్ముతో ఇంటికొక జనరేటరు కొందామని ఐదారుగురు సభ్యులు నన్ను సలహా అడిగారు. నేను ఇంజనీరును కాను, సహకార డిప్లమా చదివినవాడిని. అయితే ఒకసారి తప్పు జనరేటరు కొని, దాన్ని తప్పు చోట పెట్టి నడిపినవాడిని. ఆ అర్హతతోనే నాలుగు మాటలు చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటిన సంగతి మీలో ఎవరూ మరచి ఉండరు. అప్పటికి మాడుగుల విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. 2022లో కదా అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. స్తంభాలు విరిగి, తీగలు తెగి, జిల్లాలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మనిషి చీకట్లో నాలుగు రాత్రులు గడపగలడు. గేదె నీళ్లు లేకుండా ఒక్క పూట ఉండలేదు. పాడి గేదె రోజుకు సుమారు 50 లీటర్ల నీరు తాగుతుంది. నాలుగు గేదెలున్న ఇంట్లో 200 లీటర్లు. బోరు మోటారు తిరగకపోతే ఆ నీళ్లు ఎక్కడివి?

ఆ భయంతోనే తరువాత నెలలో నేను ఒక చిన్న పెట్రోలు జనరేటరు కొన్నాను. 2 కె.వి.ఏ. సెట్టు. దుకాణదారు కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. 2 కె.వి.ఏ. అంటే 1600 వాట్లు, మీ మోటారు ఒక హార్స్ పవరు, అంటే 746 వాట్లు, సగం కూడా పట్టదు అన్నాడు. సహకార శాఖలో పాతికేళ్లు లెక్కలు చూసిన నాకు ఆ లెక్క సరిగానే కనిపించింది. ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే మోటారు ఒక మూలుగు మూలిగి ఊరుకుంది, జనరేటరు ఆగిపోయింది.

విషయమేమంటే, మోటారు తిరుగుతున్నప్పుడు తీసుకునే కరెంటు వేరు, కదలడానికి మొదట లాగే కరెంటు వేరు. ఆ మొదటి లాగుడు ఐదారు రెట్లు ఉంటుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఎడ్లు పడే శ్రమ లాంటిదే ఇది. పైగా 746 అనేది మోటారు బయటకు ఇచ్చే శక్తి. లోపలికి తీసుకునేది వెయ్యి వాట్లకు దగ్గరగా ఉంటుంది. ఒక హార్స్ పవరు మోటారు నడవాలంటే 4, 5 కె.వి.ఏ. సెట్టు చూసుకోవాలి. ఫ్రిజ్‌కు కూడా ఇదే సూత్రం, కాని అది చిన్నది.

మోటారు జోలికి పోకుండా ఇంటి వరకు చూద్దాం. నాలుగు ఎల్.ఇ.డి. బల్బులు 36 వాట్లు, రెండు పాత రకం ఫ్యాన్లు 150, టి.వి. 100, ఫ్రిజ్ 200 వేసుకోండి. అంతా కలిపి 500 వాట్ల లోపే. దీనికి 2 కె.వి.ఏ. చాలు. ఫ్రిజ్ వదిలేస్తే అసలు జనరేటరే అక్కరలేదు. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ గల ఇన్వర్టరు 200 వాట్ల లోడును ఆరేడు గంటలు మోస్తుంది. రోజూ పోయే గంట, రెండు గంటల కోతకు ఇన్వర్టరే మేలని నా అభిప్రాయం. పొగ లేదు, చప్పుడు లేదు. తుఫాను వచ్చి మూడో రోజుకు మాత్రం బ్యాటరీ ఖాళీ అయి కూర్చుంటుంది. దానికొక సోలారు పలక తగిలిస్తే ఎండ కాసిన రోజు కొంత ఆదుకుంటుంది.

ఖర్చు కూడా ఆలోచించండి. చిన్న పెట్రోలు సెట్టు నిండు లోడు మీద గంటకు సుమారు ఒక లీటరు తాగి ఒకటిన్నర యూనిట్లు ఇస్తుంది. పెట్రోలు లీటరు వంద దాటిన ఈ రోజుల్లో యూనిటు 70 రూపాయల వరకు పడుతుంది. పాలు అమ్మిన డబ్బు అందులో పోస్తే మిగిలేది ఏమీ ఉండదు.

మాడుగుల హల్వా కొనేటప్పుడు చిటికెడు రుచి చూడనిదే పొట్లం కట్టించుకోము. వేల రూపాయల జనరేటరును మాత్రం పెట్టెలోనే ఉంచి తెచ్చుకుంటాము! దుకాణంలోనే స్టార్టు చేయించండి, లోడు పెట్టించి చూడండి. రేకు మీద రెండు అంకెలు ఉంటాయి, ఒకటి కొద్దిసేపు మాత్రమే మోసే గరిష్ఠ శక్తి, రెండవది ఎడతెగకుండా మోసేది. ఈ రెండవదే మనకు కావలసింది. చోడవరంలోగాని అనకాపల్లిలోగాని మరమ్మతు చేసేవాడు, విడిభాగాలు ఉన్నాయా అడగండి. భయపడి మరీ పెద్దది కొనకండి. డీజిలు సెట్టును ఎప్పుడూ తక్కువ లోడు మీద నడిపితే లోపల మసి పట్టి పాడవుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చాక కొనడానికి పోతే, దుకాణదారు చెప్పిందే ధర.

ఇక తప్పు చోట అన్నాను కదా. ఒక వాన రాత్రి, తడుస్తుందని జనరేటరును వసారాలోకి లాగి, వీధి తలుపు ఓరగా వేసి నడిపాను. అర్ధరాత్రి మా అమ్మగారు తలనొప్పి అని లేచి వాంతి చేసుకున్నారు. కాసేపటికి నా భార్యకూ అదే. తిన్నది పడలేదనుకుని మజ్జిగ కలపబోయాను. నాకూ కళ్లు తిరిగాక గాని బుద్ధి వెలగలేదు. జనరేటరు ఆపి, తలుపులన్నీ తెరిచి, ఇద్దరినీ వాన చినుకుల్లోకే నడిపించాను. ఇంకొక గంట నిద్రపోయి ఉంటే ఈ వేళ మీ ముందు నిలబడేవాడిని కాను. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కాబట్టి జనరేటరు ఇంటికి, తలుపులకు, కిటికీలకు 20 అడుగుల దూరాన ఆరుబయట ఉండాలి. వానకు పైన రేకు వేయండి, నాలుగు వైపులా మూయకండి. పశువుల సావిడిలో అసలే వద్దు, అవి చెప్పుకోలేవు.

మరొక మాట. కొందరు తీగకు రెండు వైపులా ప్లగ్గులు తగిలించి గోడలోని సాకెట్టు ద్వారా ఇంటికి కరెంటు ఎక్కిస్తారు. ఆ కరెంటు బయట లైనులోకి పోతుంది, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మళ్లీ వేల వోల్టులవుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మేన్ అక్కడే పోతాడు. అతనూ మన ఊరి బిడ్డే. చేంజోవర్ స్విచ్ పెట్టించకుండా, ఎర్తింగు చేయించకుండా ఎవరూ జనరేటరు నడపవద్దు.

సంఘం విషయం వేరు. బల్క్ కూలరు ఉన్న చోట డీజిలు సెట్టు తప్పదు. పితికిన పాలు సుమారు 38 డిగ్రీల వేడిలో ఉంటాయి, వాటిని త్వరగా 4 డిగ్రీలకు దించకపోతే సాయంత్రం పాలు తెల్లవారేసరికి పులుస్తాయి. దానికి తీర్మానం రాయండి, మూడు కొటేషన్లు పిలవండి, నడిచిన గంటలు, పోసిన డీజిలు లాగ్ పుస్తకంలో ఎక్కించండి. అధ్యక్షులవారి ఇంటి పెళ్లికి తీసుకుపోతే అదీ రాయండి. నేను చూస్తాను.

బోరు నీటికి నా సలహా వేరే ఉంది. ఇంటిపై వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి పెట్టి, హెచ్చరిక వినగానే నింపుకుంటే నాలుగు గేదెలకు ఐదు రోజుల నీరు. అప్పటికీ మోటారు కావాలంటే నలుగురైదుగురు ఇరుగుపొరుగు కలిసి ఒక 5 కె.వి.ఏ. సెట్టు కొని వంతులవారీగా వాడుకోండి. నెలకొకసారి పది నిమిషాలు లోడు మీద నడపడం మానవద్దు. పాత పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంచవద్దు, జిడ్డు కడుతుంది. ఇప్పటికే కొన్నవారు రేకు మీది అంకెలు కాగితం మీద రాసుకొస్తే, సమావేశం ముగిశాక కూర్చుని చూద్దాం.