ఇంటికి ఒక్కటే రేడియో
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి జ్ఞాపకాలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను ఇంజనీరును కాబట్టి ఒక యంత్రం గురించి, దాన్ని ఒక దేశం వాడుకున్న తీరు గురించి చెబుతాను. యంత్రం రేడియో, దేశం బ్రిటన్, కాలం 1953 ప్రాంతం. అక్కడ మామూలు పనిరోజున పొద్దున్నించి రాత్రిదాకా రేడియోలో ఏమొచ్చేదో చూద్దాం. దాంతో మన బడికి పనుంది. అది చివర్లో చెబుతాను.

అప్పట్లో ఆ దేశంలో రేడియో అంటే బి.బి.సి. ఒక్కటే. ప్రకటనలు ఉండవు. ఏడాదికి ఒక పౌను లైసెన్సు కట్టాలి. మన పెద్దలు తపాలా ఆఫీసులో రేడియో లైసెన్సు కట్టినట్టే. ప్రసారాలు మూడు. వార్తలు, నాటకాలు, బడి పాఠాలు హోమ్ సర్వీస్‌లో. పాటలు, హాస్యం, సీరియళ్ళు 1945లో మొదలైన లైట్ ప్రోగ్రామ్‌లో. శాస్త్రీయ సంగీతం, కవిత్వం, పండితుల ప్రసంగాలు 1946లో మొదలైన థర్డ్ ప్రోగ్రామ్‌లో, అదీ సాయంత్రాలే.

తొమ్మిది దాటాక లైట్ ప్రోగ్రామ్‌లో 'హౌస్‌వైవ్స్ ఛాయిస్'. గృహిణులు ఉత్తరాలు రాసి కోరుకున్న పాటలు. పదిన్నరకు 'మ్యూజిక్ వైల్ యూ వర్క్'. యుద్ధకాలంలో, 1940లో, ఫ్యాక్టరీ కార్మికుల కోసం పెట్టిన అరగంట సంగీతం. ఇందులో మా వృత్తికి సంబంధించిన కిటుకు ఉంది. యంత్రాల రొదలో మెల్లని స్వరాలు వినపడవు. అందుకని శబ్దం హెచ్చుతగ్గులు లేకుండా ఒకే మట్టంలో సాగే బాణీలు ఎంచేవారు. నిద్ర తెప్పించే బాణీలు వద్దు. మధ్యలో చప్పట్లు కొట్టించే ఒక అమెరికన్ పాటను నిషేధించారు, కార్మికులు చేతిలోని పనిముట్లతో యంత్రాల మీద తాళం వేస్తారని!

అదే వేళకు హోమ్ సర్వీస్‌లో బడి పాఠాలు. ఇవి 1924 నుంచీ ఉన్నాయి. పుస్తకాలు ముందే అచ్చువేసి బళ్ళకు పంపేవారు. 'సింగింగ్ టుగెదర్' అనే పాఠం వస్తుంటే దేశమంతటా తరగతి గదుల్లో పిల్లలు ఒకే పాట ఒకేసారి పాడేవారు. మధ్యాహ్నం భోజనాల వేళ 'వర్కర్స్ ప్లేటైమ్'. కళాకారులే ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు వెళ్ళి ప్రదర్శన ఇచ్చేవారు.

ఒంటిగంటా ముప్పావుకు 'లిజన్ విత్ మదర్'. ఐదేళ్ళలోపు పిల్లలకు పావుగంట కథలు, పాటలు. సరిగ్గా రెండింటికి 'ఉమన్స్ అవర్'. ఈ వరుస చూడండి. బిడ్డకు కథ అయిపోతుంది, కునుకు పడుతుంది, తల్లికి తీరిక దొరుకుతుంది. 1946లో మొదలైన ఆ మహిళల కార్యక్రమానికి మొదటి వ్యాఖ్యాత మగవాడే. అయినా ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే స్త్రీల ఆరోగ్య విషయాలను కూడా అది బాహాటంగా చర్చించింది. నాలుగింటికి ఒక డాక్టరుగారి భార్య దినచర్య సీరియల్, ఐదింటికి 'చిల్డ్రన్స్ అవర్'.

ఆరింటికి ఆరు 'పిప్'లు, ఆ వెంటనే వార్తలు. ఆరో పిప్ మొదలైన క్షణమే కచ్చితమైన ఆరు గంటలు. గ్రీన్‌విచ్ వేధశాల నుంచి 1924లో మొదలైన ఏర్పాటిది. ఆరూ ముప్పావుకు 'ది ఆర్చర్స్', ఒక పల్లెటూరి రైతు కుటుంబం కథ. దేశంలో ఇంకా రేషన్ నడుస్తున్న రోజులవి. పంట పెంచే కొత్త పద్ధతులు రైతులకు చేరాలని వ్యవసాయ శాఖ సలహాలతో రాయించారు. విన్నవాళ్ళలో పొలం ముఖం చూడని పట్నవాసులే ఎక్కువ. 1955 సెప్టెంబరు 22న, వాణిజ్య టెలివిజన్ మొదలైన రాత్రే, ఆ కథలో గ్రేస్ అనే కోడలు గుర్రాన్ని కాపాడబోయి మంటల్లో చనిపోయింది. నిజంగా మనిషి పోయినట్టే జనం ఏడ్చారు. బి.బి.సి.కి ఫోన్లు, ఉత్తరాలు వెల్లువెత్తాయి.

యుద్ధం చివర్లో బి.బి.సి. అధిపతిగా వచ్చిన విలియం హేలీ ఈ మూడు ప్రసారాలనూ మెట్లుగా ఊహించాడు. లైట్‌తో మొదలుపెట్టిన శ్రోత హోమ్‌కు, అక్కణ్ణుంచి థర్డ్‌కు ఎక్కుతాడని ఆయన ఆశ. అంతగా ఎక్కలేదు. థర్డ్ శ్రోతలు కొద్దిమందే, 1957లో దాని గంటలు తగ్గించారు. లోపం శ్రోతలదే కాదు. లైట్ ప్రోగ్రామ్‌కు డ్రోయిట్‌విచ్ నుంచి 1500 మీటర్ల లాంగ్ వేవ్ ఉంది. ఆ తరంగం నేలను పట్టుకుని చాలా దూరం పోతుంది. థర్డ్‌కు దక్కిన మీడియం వేవ్ చాలాచోట్ల సరిగా అందేదే కాదు. ఎక్కమన్నారు గాని మెట్టు అందరికీ అందేలా కట్టలేదు.

ఇంకో లోపమూ ఉంది. ఏది మంచిదో లండన్‌లో కొద్దిమంది పెద్దమనుషులు తేల్చేవారు. యుద్ధకాలంలో విల్‌ఫ్రెడ్ పికిల్స్ ఉత్తరాది యాసలో వార్తలు చదివితే వద్దని గొడవ చేసినవారున్నారు. తర్వాత అదే గొంతుతో ఆయన ఊరూరా తిరిగి నడిపిన కార్యక్రమం దేశానికి ముద్దయింది.

ఈ లోపాలు ఒప్పుకుంటూనే ఒక మాట. ఇంటికి రేడియో ఒక్కటే. దాంతో పిల్లవాడు నాన్న వార్తలు విన్నాడు, నాన్న అమ్మ సీరియల్ విన్నాడు, పట్నం పల్లె గోడు విన్నది. మన ఆకాశవాణీ అంతే కదా. సెంటు భూమి లేని ఇళ్ళలోనూ 'పాడిపంటలు' వినిపించేది. రేడియో అన్నయ్య, అక్కయ్యల 'బాలానందం' తాతయ్యలూ విన్నారు. పక్కవాడి బతుకు అడక్కుండానే మన చెవిన పడింది.

ఇవాళ మా ఇంజనీర్లం చేసిపెట్టిన ఫోన్ నిన్న మీకు నచ్చినదాన్ని లెక్కగట్టి ఇవాళ అలాంటిదే ఇస్తుంది. ఇంట్లో నలుగురికి నాలుగు ఫోన్లు, నాలుగు లోకాలు.

మన సంఘం బడికి ట్యాబ్లెట్లు ఇవ్వబోతోంది. మంచి పని, నేనూ చందా వేశాను. ఎవరి పాఠం వారు, ఎవరి వేగంతో వారు నేర్చుకుంటారు. దానితోపాటు ఒక మైకు, నాలుగు లౌడ్‌స్పీకర్లు కూడా ఇద్దాం. రోజుకో అరగంట బడంతా ఒకే కార్యక్రమం వినాలి. సోమవారం ఒక రైతు, మంగళవారం ఒక నర్సు, బుధవారం ఒక పాట. ఏం వినిపించాలో మనం తేల్చవద్దు, పిల్లలనే వంతులవారీగా తేల్చనిద్దాం, వాళ్ళ యాసలోనే చదవనిద్దాం. ప్రతి గదిలోనూ చివరి బెంచీదాకా స్పష్టంగా వినపడేలా తీగలు లాగే పని నాకు అప్పగించండి.