కంచం మోగించి చూశాను



ఇంజినీరునని నన్ను వంతెనల గురించి మాట్లాడమన్నారు. మా 1983 బ్యాచ్‌లో ఈమధ్య వరసగా తాతలు, అమ్మమ్మలు అవుతున్నారు కాబట్టి పసిపిల్లల చెవుల గురించి మాట్లాడతాను.

డిక్టేషన్‌లో ళ బదులు ల రాస్తే తెలుగు మాస్టారు చెవి మెలిపెట్టేవారు. నిజానికి చెవి చదువు బడికి రాకముందే చాలావరకు అయిపోతుంది. 1984లో కెనడాలో ఇంగ్లీషు ఇళ్లలోని పిల్లలకు హిందీ త, ట వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వాళ్లు తేడా పట్టారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి చాలామందిలో పోయింది. ఇంట్లో వినపడని తేడాను చెవి వదిలేస్తుంది. అక్కడ తాత అన్నా, టాటా అన్నా ఒకటే మరి.

మావాడికి ఏడాదిన్నర వచ్చినా మాట లేదు. ‘మగపిల్లలకు ఆలస్యమేరా’ అంది మా అమ్మ. మా ఆవిడకు అనుమానం తీరలేదు. నేను వాడి వెనక నిలబడి స్టీలు కంచం మోగించాను. తిరిగి చూశాడు. ‘చూశావా, వినపడుతోంది’ అన్నాను. ఆ ఒక్క మాటతో పది నెలలు పోగొట్టాను. కొలతలు తెలిసినవాణ్ని, కంచం మోతకూ మనిషి మాటకూ తేడా తట్టలేదు. మాటలో అచ్చులు గట్టిగా, స, త లాంటివి సన్నగా ఉంటాయి. వాడికి మోత అందుతోంది, మాట అందటం లేదు. అక్క, అత్త ఒకటే.

నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి బెరా పరీక్ష చేశారు. చెవి మిషన్లు పెట్టిన రోజు కుక్కర్ కూతకు ఏడ్చాడు. తర్వాత మా ఆవిడ ఉద్యోగం మానేసి, ఉల్లిపాయ తరిగినా వాడికి చెబుతూనే తరిగింది. 2003లో అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుకున్నారు, వీడియోలో వింటే పట్టుకోలేదు. మా ఆవిడ ఆ పరిశోధనలేవీ చదవలేదు.

మావాడిప్పుడు ఉద్యోగస్థుడు. శ, స ఇప్పటికీ కలిపేస్తాడు, మాస్టారు వింటే ఊరుకోరు.

మొన్న వాడికి పాప పుట్టింది. రెండో రోజే, నిద్రలో ఉండగా, చెవిలో ఇయర్‌ఫోన్ లాంటిది పెట్టి కొద్ది నిమిషాల్లో పరీక్ష చేశారు. మేం అడిగితేనే చేశారు, మీరూ అడగండి. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలని వైద్యుల లెక్క.

ఫలితం వచ్చేదాకా మావాడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. మా ఆవిడ మాత్రం అప్పటికే పాపను ఒళ్లో వేసుకుని కబుర్లు మొదలుపెట్టేసింది.